గింజల్లేని చిల్లీకి చిక్కదనం ఎక్కడిది?

అమెరికాలోని టెక్సస్‌లో చిల్లీ అంటే మిరపకాయ ఒక్కటే కాదు, ఎండుమిరప, జీలకర్ర వేసి గంటల తరబడి ఉడికించిన బీఫ్ కూర కూడా. 1977లో ఆ రాష్ట్ర శాసనసభ దాన్ని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. అక్కడ పట్టుదల ఉన్నవాళ్లు అందులో ఒక్క చిక్కుడు గింజ కూడా పడనివ్వరు. రుచి కోసం పట్టిన ఆ పంతం ఇప్పుడు కార్బోహైడ్రేట్లు తగ్గించుకునేవాళ్లకు కలిసొచ్చింది. ఉడికిన రాజ్మా 100 గ్రాముల్లో సుమారు 22 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి, అందులో ఆరేడు గ్రాములు పీచే అయినా. మాంసంలో దాదాపు సున్నా. కండరంలో నిల్వ ఉండే కాస్త పిండిపదార్థం, గ్లైకోజెన్ కూడా పశువును కోశాక చాలావరకు లాక్టిక్ ఆమ్లంగా మారిపోతుంది.

మరి గింజలూ, పిండీ లేకపోతే కూర నీళ్లోడదా? ముక్క సరైనదైతే ఓడదు. భుజం, పిక్క లాంటి బాగా కష్టపడ్డ కండరాల్లో కొలాజెన్ ఎక్కువ. మూడు పేటలు కలిపి పేనిన తాడులాంటి ప్రొటీన్ అది. తడీ వేడీ చాలాసేపు తగిలితే పేటలు విడిపోయి జెలటిన్ అవుతుంది. పులుసును చిక్కబరిచేది అదే.

ఇక్కడే ఓపిక నశిస్తుంది. 60 డిగ్రీలు దాటేసరికి కండ బిగుసుకుని నీళ్లు వదిలేస్తుంది. కొలాజెన్ కరగడానికి మాత్రం 80, 90 డిగ్రీల దగ్గర కూడా రెండు మూడు గంటలు పడుతుంది. అంటే ముక్క ముందు గట్టిపడి, తర్వాతే మెత్తబడుతుంది. మొదటిసారి నేను గంటకే రుచి చూసి, ఎక్కువ ఉడికిపోయిందని దించేశాను. నిజానికి సగం కూడా కాలేదు!

మంట సన్నగా ఉండాలి. తెర్లకూడదు, అంచు దగ్గర ఒక్కో బుడగ తీరిగ్గా లేచి పగలాలి.

ఉడికించే ముందు ముక్కల్ని పొడిగా తుడిచి, కొద్దికొద్దిగా వేసి ఎర్రగా వేయించాలి. నీళ్లున్నంతసేపూ గిన్నె 100 డిగ్రీలు దాటదు. మాంసానికి ఆ కమ్మని మాడువాసన తెచ్చే మెయిలార్డ్ చర్య జోరందుకోవాలంటే 140 డిగ్రీల దాకా వెళ్లాలి. ఒకేసారి కుమ్మరిస్తే ముక్కలు తమ నీళ్లలో తామే ఉడికి బూడిదరంగుకు తిరుగుతాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త మెయిలార్డ్ దీని గురించి రాసింది 1912లో. మిరప ఘాటును కొలిచే పద్ధతిని అమెరికా ఫార్మసిస్టు స్కోవిల్ తెచ్చిందీ అదే ఏడాది. చిల్లీకి అచ్చొచ్చిన సంవత్సరమే!

మర్నాడు ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసి వంచి చూడండి, కూర కదలదు. అది గడ్డకట్టిన జెలటిన్. పైన ఎర్రటి కొవ్వు పేరుకుని ఉంటుంది. మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్, ఆ ఎరుపు రంగు, రెండూ నీటిలో కన్నా కొవ్వులోనే బాగా కరుగుతాయి. ఆ పొరనంతా గరిటెతో తీసి పారేస్తే కారం, రంగు చాలావరకు దాంతోపాటే పోతాయి. నేనైతే సగమే తీస్తాను.