పుంజాన్ని కొలిచే పరికరానికి పరీక్ష ఎందుకు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్యాన్సర్ రోగులు ‘కరెంటు పెట్టించుకోవడానికి’, అంటే రేడియేషన్ చికిత్సకు, విశాఖపట్నం వెళ్లడం ఇక్కడ చాలా ఇళ్లకు తెలిసిన సంగతే. ఆ కరెంటు ఇచ్చే యంత్రాల్లో ముఖ్యమైనది ఎలక్ట్రాన్ల వేగం పెంచే లీనియర్ యాక్సిలరేటర్, ఆస్పత్రుల్లో వాడుక మాటగా లినాక్. దాని పుంజం, అంటే అది వదిలే వికిరణ ధార, మధ్యలో ఎంత సమంగా ఉంది, అంచుల్లో ఎంత త్వరగా పడిపోతోంది అన్నది కొలవనిదే యంత్రాన్ని చికిత్సకు వాడరు. ఆ కొలిచే పరికరమే తప్పు చూపిస్తే ఏం చేయాలన్న ప్రశ్న భౌతికశాస్త్ర ప్రయోగశాలలకూ ఎదురైంది.

రోల్ఫ్ విడెరో జర్మనీలోని ఆకెన్‌లో నిర్మించిన తొలి లీనియర్ యాక్సిలరేటర్ వివరాలు 1928లో వెలువడ్డాయి. 1953లో లండన్ హ్యామర్‌స్మిత్ ఆస్పత్రిలో 8 మెగావోల్టుల లినాక్‌తో రోగికి చికిత్స చేశారు. పుంజాన్ని చూడటానికి అన్నిటికన్నా సులువైన సాధనం, కణాలు తగిలినచోట వెలిగే తెర. కానీ తీవ్రత ఒక హద్దు దాటితే తెర వెలుగు అదే నిష్పత్తిలో పెరగదు. నడుమ భాగం చదునై, మచ్చ అసలు పుంజం కన్నా వెడల్పుగా కనిపిస్తుంది.

అందుకే సన్నని కార్బన్ తీగను పుంజానికి అడ్డంగా జరుపుతూ, దాన్ని తాకి వెలువడే వికిరణాన్ని అడుగడుగునా లెక్కించే పద్ధతి వచ్చింది. కొన్ని మైక్రోమీటర్ల మందమే ఉండే ఆ తీగ ముందు పొందూరు సన్ననూలు కూడా మోకులాంటిదే. అయినా దానికీ మందం ఉంది కనుక కొలతలో అదీ కలుస్తుంది. పైగా కొలతలో ఒక్కో బిందువు ఒక్కో పల్స్ నుంచి, అంటే విడతలుగా వచ్చే పుంజంలో ఒక్కో విడత నుంచి, వస్తుంది కాబట్టి, పుంజం కాస్త కదిలినా కొలత ఉబ్బుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న స్లాక్ ప్రయోగశాలలో, కణాలను ఢీకొట్టించే లీనియర్ కొలైడర్‌లో తీవ్రమైన పుంజం తగిలి తీగలే తెగిపోయేవి. 1994లో అదే ప్రయోగశాలలో, లేజర్ కిరణాలు ఒకదానితో ఒకటి కలిసి ఏర్పరిచే వెలుగు చీకటి చారలను (వ్యతికరణ చారలను) వాడే షింటాకే పరికరంతో సుమారు 70 నానోమీటర్ల పుంజాన్ని కొలిచారు. తర్వాత అదే సంస్థలో ఎల్‌సీఎల్‌ఎస్ అనే ఎక్స్‌రే లేజర్ సిద్ధమవుతున్నప్పుడు, గట్టిగా కుదించిన ఎలక్ట్రాన్ గుంపులు పల్చటి రేకు తెరలపై పుంజం ఆకారంతో పొంతన లేని మిరుమిట్లు చూపించాయి. చివరికి మళ్లీ తీగలనే నమ్ముకోవాల్సి వచ్చింది. ఒక పరికరాన్ని అదే తరహా మరో పరికరంతో సరిచూస్తే ఇలాంటి లోపం ఎన్నటికీ బయటపడదని నా అభిప్రాయం.

ఆస్పత్రిలో కొలిచేది ఎలక్ట్రాన్లను కాదు, చాలావరకు అవి పుట్టించిన ఎక్స్‌రే పుంజాన్ని. నీటి తొట్టిలో అయనీకరణ గదిని, అంటే వికిరణాన్ని కొలిచే చిన్న బోలు పరికరాన్ని, అంచు నుంచి అంచుకు జరుపుతూ తీవ్రత గీత గీస్తారు. గది లోపలి ఖాళీ కొన్ని మిల్లీమీటర్లు ఉంటే, నిటారుగా పడిపోవాల్సిన అంచు వాలుగా వస్తుంది. చిన్న డయోడ్‌తో (అర్ధవాహక డిటెక్టర్‌తో) అదే గీత మళ్లీ గీస్తే తేడా తెలుస్తుంది. డయోడ్ కూడా నిర్దోషి కాదు, తక్కువ శక్తి ఫోటాన్లకు అది ఎక్కువగా స్పందిస్తుంది. అనేక డిటెక్టర్లు పరిచిన పలకకైతే పరీక్ష ఇంకా తేలిక. ఎడమ పక్క ఎక్కువ చూపిస్తే, పలకను అక్కడే 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలుస్తారు. ఎక్కువ చూపే పక్క పలకతోపాటు తిరిగితే లోపం పలకది. ఉన్నచోటే ఉంటే, సరిచేయాల్సింది లినాక్‌ను.