ఎల్పీ నంబర్ వచ్చింది కదా, ఇంకేంటి? లేఅవుట్ షరతులపై అపోహలు – వాస్తవాలు

లేఅవుట్ ప్లాన్లు గీయడం, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ)లో ఫైలు పెట్టడం, ఆ తర్వాత వాళ్లు పెట్టిన షరతులన్నీ సైటులో పూర్తయ్యేలా చూడటం నా పని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చిన్న ప్లాట్ల వెంచర్లే. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక నూట ఇరవై, నూట యాభై గజాల ముక్కలు. నెల జీతంతో ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లు, చిట్టీ పాడి అడ్వాన్స్ కట్టేవాళ్లు కొంటారు. వాళ్లలో ఎవరు ఫోన్ చేసినా లేఅవుట్ పర్మిట్ నంబర్, అంటే ఎల్పీ నంబర్ గురించి అడిగేది ఒకటే: "సార్, ఎల్పీ నంబర్ ఉందంట. కళ్లు మూసుకుని కొనేయొచ్చా?"

కళ్లు తెరిచే కొనండి.

అపోహ: ఎల్పీ నంబర్ ఉందంటే అన్నీ అయిపోయినట్టే.

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

హెచ్ఎండీఏ లేఅవుట్ అనుమతి రెండు దశల్లో వస్తుంది: ముందు డ్రాఫ్ట్, తర్వాత ఫైనల్. బ్రోషర్ మీద పెద్దక్షరాలతో వేసే ఎల్పీ నంబర్ డ్రాఫ్ట్ దశలోనే వచ్చేస్తుంది. డ్రాఫ్ట్ అంటే బండికి ఎల్ఎల్ఆర్ లాంటిది. ఈ ప్లాన్ ప్రకారం పని చేసుకో అని డెవలపర్‌కి చెప్పారు, అంతే. బీటీ రోడ్లు వేయాలి. డ్రైన్లు, కల్వర్టులు కట్టాలి. నీళ్లు, కరెంటు తేవాలి. రోడ్ల పక్కన మొక్కలు నాటాలి, పార్కుకి ప్రహరీ, గ్రిల్లు పెట్టాలి. రోడ్లనూ పార్కు జాగానూ స్థానిక సంస్థ పేరిట రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ చేసివ్వాలి. ఇవన్నీ గడువులోగా చేస్తాననే హామీగా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం హెచ్ఎండీఏకి మార్ట్‌గేజ్ పెడతాడు. ఒకే సైజు ప్లాట్లు రెండొందలుంటే ముప్పై అలా తాకట్టులో ఉంటాయి. పనులు చూసి సరేనన్నాకే అవి విడుదలవుతాయి, ఫైనల్ వస్తుంది.

డ్రాఫ్ట్ లెటర్‌తో పాటు షరతులు కూడా ఉంటాయి. బ్రోషర్‌లో వాటిని ఎవరూ వేయరు. అందులో కొనేవాళ్లు చదవాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి: పనులు పూర్తయి మార్ట్‌గేజ్ విడుదలయ్యేదాకా తాకట్టు ప్లాట్లలోనే కాదు, లేఅవుట్‌లోని మిగతా ప్లాట్లలో కూడా స్థానిక సంస్థ ఇంటి పర్మిషన్ ఇవ్వకూడదు. రెండోది ఇంకా ఘాటుగా ఉంటుంది. మార్ట్‌గేజ్ కేవలం పనులు చేయించడానికే, డెవలపర్ మాట తప్పితే ప్లాట్ కొన్నవాళ్లకి హెచ్ఎండీఏ ఎలాంటి జవాబుదారీ కాదు అని రాసి ఉంటుంది. "గవర్నమెంట్ దగ్గర గ్యారంటీ పెట్టాం సార్" అని ఏజెంట్ అన్నప్పుడు ఈ లైను చూపించమనండి.

ఎల్బీ నగర్ వైపు టిఫిన్ సెంటర్ నడిపే ఒక అక్క డ్రాఫ్ట్ కాపీ జిరాక్స్ పట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. "అన్నా, మూల ప్లాట్ దొరికింది. పక్కదానికంటే గజానికి తక్కువకే ఇస్తున్నరు. టోకెన్ కట్టిన. రిజిస్ట్రేషన్ మాత్రం కొన్ని నెలలు ఆగుమంటున్నరు" అంది. తక్కువ రేటు, రిజిస్ట్రేషన్ తర్వాత అనే రెండు మాటలు కలిసి వినగానే నాకు విషయం అర్థమైపోయింది. ప్లాన్ టేబుల్ మీద పరిచాను. దక్షిణం వైపు వరసలో కొన్ని ప్లాట్లకి అడ్డగీతలు గీసి ఉన్నాయి. జిరాక్స్‌లో ఆ గీతలు మసకబారి మురికి మరకల్లా కనిపిస్తున్నాయి. షరతుల పేజీ తిప్పితే మార్ట్‌గేజ్ ప్లాట్ల నంబర్లు వరసగా ఉన్నాయి, వాటిలో ఆమెది కూడా ఉంది. "ఇది ఇప్పుడు అమ్మడానికి వీల్లేని ప్లాట్ అక్కా" అన్నాను. ఆమె కాసేపు ఆ నంబర్‌నే చూసి, "మరి వాళ్లకి తెల్వదా?" అంది. తెలుసు. తెలిసే అమ్మారు. టోకెన్ ఫోన్‌పేలో కట్టింది కాబట్టి రుజువు ఉంది, ఆఫీసు చుట్టూ తిరిగితే విడతలవారీగా వెనక్కి ఇచ్చారు. క్యాష్ కట్టినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే టోకెన్ ఇచ్చేముందు డ్రాఫ్ట్ లెటర్ పూర్తి కాపీ, షరతుల పేజీలతో సహా అడగండి. మార్ట్‌గేజ్ డీడ్ కూడా రిజిస్టర్ అవుతుంది కాబట్టి ఆ సర్వే నంబర్ మీద ఈసీ (ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీస్తే బయటపడుతుంది. సైటులో బోర్డు ఉందేమో చూడండి. ఎల్పీ నంబర్, లేఅవుట్ పటం, షరతులు జనానికి కనిపించేలా బోర్డు పెట్టాలన్నది కూడా ఒక షరతే. హోర్డింగ్ మీద హీరోయిన్ ఉండి ఈ బోర్డు లేకపోతే మీరే ఆలోచించుకోండి.

అపోహ: తక్కువ ధర వెంచర్ కదా, షరతులు కూడా అంత గట్టిగా ఉండవు.

ఇది డెవలపర్ల అపోహ. "పేదోళ్లకి చౌకగా ఇస్తున్నా సార్, వాళ్లకి ఈ డ్రైన్లన్నీ ఎందుకు" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. ప్లాట్ రేటు ఎంతైనా, ప్లాన్‌లో గీసింది సైటులో ఉండాల్సిందే. రోడ్డు వెడల్పులో ఏదైనా వెసులుబాటు దొరికితే అది డ్రాఫ్ట్ ప్లాన్‌లోనే కనిపిస్తుంది, తనిఖీ రోజున బతిమాలితే రాదు.

చౌక వెంచర్లు ఎక్కువగా డ్రైన్ల దగ్గరే ఆగిపోతాయి. మార్జిన్ తక్కువ, కాబట్టి మొదట అమ్మిన ప్లాట్ల డబ్బుతో పైకి కనిపించే ఆర్చి, రోడ్డు పూర్తి చేస్తారు. డ్రైను మాత్రం లేఅవుట్ హద్దు దాకా వచ్చి, పక్క రైతు చేను గట్టు దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి నీళ్లు ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించరు. తొలకరి పడ్డ రోజు వెళ్తే పార్కు జాగా చెరువై ఉంటుంది, ఎందుకంటే పార్కు కోసం వదిలింది పల్లపు మూలే. అలాంటి డ్రైను చూపించి ఫైనల్ ఎలా అడుగుతారు? నీటిని వాగులోకో నాలాలోకో కలిపే దారి డ్రాఫ్ట్ వేయకముందే తేల్చుకోవాలి. కరెంటు కూడా అంతే. స్తంభాలు పాతగానే అయిపోదు, డిస్కం ఎస్టిమేట్ కట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ అయితేనే పని పూర్తయినట్టు.

అపోహ: 75 గజాల లోపు ప్లాట్‌కి ఏ పర్మిషనూ అక్కర్లేదు.

2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల దాకా ఉన్న ప్లాట్‌లో కట్టే చిన్న ఇంటికి పర్మిషన్ అవసరం లేదని, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలని చెప్పింది. అది ఇల్లు కట్టుకునే మనిషికి. ఎకరాన్ని 75 గజాల ముక్కలుగా కోసి అమ్మేవాడికి లేఅవుట్ అనుమతి నుంచి మినహాయింపు ఎక్కడా లేదు. ఈ పుకారు యూట్యూబ్‌లో ఎవరు మొదలుపెట్టారో గానీ నాకు విసుగొచ్చేసింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"నాలా అయింది": ఇక్కడ నాలా అంటే కాలువ కాదు, భూ మార్పిడి. వ్యవసాయ భూమి వ్యవసాయేతరం అయింది, అంతే. లేఅవుట్ ఫైలుకి అది మొదటి కాగితం.

"పంచాయతీ అప్రూవల్ ఉంది": హెచ్ఎండీఏ పరిధిలో లేఅవుట్ మంజూరు చేసే అధికారం గ్రామ పంచాయతీకి లేదు. సర్పంచ్ ముద్ర ఎంత నల్లగా ఉన్నా సరే.

"తర్వాత ఎల్ఆర్ఎస్ కట్టుకోవచ్చు": అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఆ పథకం 2020 ఆగస్టు 26కి ముందు రిజిస్టర్ అయిన పాత ప్లాట్ల కోసం వచ్చింది. ఇవాళ కొత్తగా కోసిన వెంచర్‌ని దాని భరోసాతో అమ్మడం మోసం.

"రెరా నంబర్ ఉంది": 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదవ్వాలి, కాబట్టి ఆ నంబర్ ఉండటం మంచిదే. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అయితే డ్రాఫ్ట్ దశలో ఉన్న వెంచర్‌కి కూడా రెరా నంబర్ వస్తుంది. దాన్ని చూపించి ఫైనల్ అయిందని చెబితే నమ్మొద్దు.

"చెరువు దూరంగా ఉంది": కంటికి దూరంగానే ఉండొచ్చు. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటలైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాకే జనం ఈ గీతల గురించి అడగడం మొదలుపెట్టారు, గీతలు మాత్రం అంతకుముందు నుంచే ఉన్నాయి. ఎండాకాలంలో చూసి దూరం అంచనా వేయకండి, ఎఫ్‌టీఎల్ మ్యాపులో చూడండి.

"హెచ్ఎండీఏ ఇచ్చిందంటే టైటిల్ క్లియర్": డ్రాఫ్ట్ లెటర్‌లోనే, ఈ అనుమతిని భూమి హక్కుకి రుజువుగా వాడకూడదని ఇంకో షరతు ఉంటుంది. లింకు డాక్యుమెంట్లు, పహాణీలు విడిగా ఒక లాయర్‌కి చూపించండి. ఆ లాయర్ మాత్రం వెంచర్ వాళ్లు చెప్పిన మనిషి కాకూడదు.