సుంకం భారం ఎవరిది? వాణిజ్య అర్థశాస్త్రంపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అంతర్జాతీయ వాణిజ్య అర్థశాస్త్రం చదవడానికి నా తరగతికి వచ్చే విద్యార్థుల్లో చాలామంది, ఎగుమతి అంటే లాభమని, దిగుమతి అంటే నష్టమని ముందే తీర్మానించుకుని వస్తారు. ఏ విధానమైనా దాని భారం చివరికి ఎవరి మీద పడుతుందో వెతకడం వారికి అలవాటు చేయాలన్నదే నా తాపత్రయం.

అపోహ: దిగుమతి సుంకం విదేశీయులు కడతారు.

వాస్తవం: శంషాబాద్‌లోనో చెన్నై రేవులోనో సరుకు దిగినప్పుడు కస్టమ్స్‌కు దాఖలు చేసే సరుకు వివరాల పత్రం (బిల్ ఆఫ్ ఎంట్రీ) చదివితే, సుంకం కట్టేది మన దిగుమతిదారేనని తెలుస్తుంది. రవాణా, బీమా ఖర్చులతో కలిపి 100 రూపాయలుగా విలువ కట్టిన సరుకుపై ప్రాథమిక కస్టమ్స్ సుంకం 20 శాతం అనుకుందాం. సుంకం 20 రూపాయలు, దాని మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 2 రూపాయలు, ఆ మొత్తం 122 రూపాయల మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతులపై పడే జీఎస్టీ) 21.96 రూపాయలు. ఐజీఎస్టీని వ్యాపారి సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలో మినహాయింపుగా, వాడుకుంటాడు కనుక, ధరలో కలిసిపోయేది సుంకం, సర్‌ఛార్జి కలిపి 22 రూపాయలే. కొనే దేశం ప్రపంచ ధరను ప్రభావితం చేయగలిగేంత పెద్దదైతే అమ్మేవారు కొంత ధర తగ్గించుకుంటారని సిద్ధాంతం చెబుతుంది. అయితే 2018-19లో అమెరికా వేసిన సుంకాల భారం, అంత పెద్ద దేశంలోనూ, దాదాపు పూర్తిగా అమెరికా కొనుగోలుదారుల మీదే పడిందని అధ్యయనాల్లో తేలింది.

అపోహ: దిగుమతులను అడ్డుకుంటే దేశీయ పరిశ్రమ బలపడుతుంది.

వాస్తవం: హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న మందుల కంపెనీలు అనేక ముడి పదార్థాలను చైనా నుంచి తెప్పించుకుని, తయారైన మందులను అమెరికాకు, ఐరోపాకు పంపుతాయి. ముడి పదార్థంపై సుంకం పెంచితే దాన్ని తయారుచేసే వారికి రక్షణ దొరుకుతుంది గానీ, దాన్ని వాడే వారికి ఖర్చు పెరుగుతుంది. ఒకే దేశం మీద ఆధారపడటం నిజమైన ప్రమాదమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ లోపం దేశీయ ఉత్పత్తిలో ఉన్నప్పుడు సుంకం కంటే ఉత్పత్తికి నేరుగా ఇచ్చే సబ్సిడీయే మేలని అర్థశాస్త్రవేత్తలు జగదీశ్ భగవతి, వి.కె. రామస్వామి 1963లోనే నిరూపించారు. 2020లో బల్క్ డ్రగ్స్‌కు (మందుల ముడి పదార్థాలకు) ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలను నేను ఆ దృష్టితోనే చూస్తాను.

అపోహ: అన్నిటా వెనుకబడిన దేశం వాణిజ్యంలో నిలవలేదు.

వాస్తవం: అర్థశాస్త్రవేత్త డేవిడ్ రికార్డో 1817లో ఇచ్చిన ఉదాహరణలో వస్త్రానికి, ద్రాక్షసారాకు రెండింటికీ పోర్చుగల్‌లోనే తక్కువ శ్రమ సరిపోతుంది. అయినా ఇంగ్లండ్ తన వెనుకబాటు తక్కువగా ఉన్న వస్త్రాన్ని నేసి అమ్మి, ద్రాక్షసారాను పోర్చుగల్ నుంచి కొంటే ఇద్దరికీ లాభమే.

అపోహ: ఎగుమతులపై ఆంక్షలు పెడితే నష్టపోయేది పరాయివారే.

వాస్తవం: యాసంగి (రబీ) ధాన్యాన్ని పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది కనుక తెలంగాణలో ఉప్పుడు బియ్యం ఎక్కువ. ఆ బియ్యం ఎగుమతిపై 2023 ఆగస్టులో కేంద్రం 20 శాతం సుంకం విధించింది, 2024 అక్టోబరులో ఎత్తివేసింది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన వాటా సుమారు 40 శాతం కాబట్టి, ఇలాంటి సుంకంలో కొంత భారం నిజంగానే విదేశీ కొనుగోలుదారు మీదికి వెళుతుంది. మిగిలినది ధాన్యం ధర తగ్గుదలగా వెనక్కి వస్తుంది. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు అమ్ముకున్న రైతుకు అది తగలకపోవచ్చు, మిల్లుకు నేరుగా అమ్మిన రైతుకు మాత్రం తగులుతుంది.