నెల సామాను ఖర్చు: కౌంటర్ ఇవతల నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఖమ్మంలో మాది కిరాణం షాపు. జూన్ దగ్గరపడితే చాలు, సామాను చీటీ ఇచ్చే అక్కలందరిదీ ఒకటే మాట: "పిల్లల ఫీజులు కట్టాలన్నా, ఈసారి బిల్లు తక్కువలో సర్దు." నేను సర్దేదేముంటుంది? రెండు కిలోల కందిపప్పు రాస్తే కిలో కడతా, కిలో బెల్లం రాస్తే అరకిలో. ఇరవయ్యో తారీఖు కల్లా వాళ్ల బాబు పావుకిలో పప్పు కోసం మళ్లీ వస్తాడు. బిల్లు తగ్గే చోట్లు వేరే ఉన్నాయి. అవన్నీ చెబితే నీ గల్లాకే గండి కదా అంటారేమో. ఫీజులకు డబ్బు సరిపోని ఇల్లు ముందు ఆపేది నా బాకీనే. కాబట్టి చెప్పడమే నాకు లాభం.

అపోహ: రేటు ఎక్కడ తక్కువుంటే అక్కడ కొంటే బిల్లు తగ్గుతుంది.

బియ్యం, నూనె, చక్కెర, పప్పుల మీద మాకు మిగిలేదే అంతంత మాత్రం. షాపుకూ షాపుకూ తేడా కిలోకు రెండు మూడు రూపాయలుంటుంది. పెద్ద మార్టులో చక్కెర నాకంటే తక్కువకే ఇస్తారు, కాదనను. కానీ చక్కెర కోసం పోయినవాళ్లు ఒక్క చక్కెరతోనే తిరిగి రారు. చీటీలో ఉన్నవే తెచ్చుకోగలిగితే నిక్షేపంగా వెళ్లండి.

బిల్లు అడుగున "మీరు ఆదా చేసినది ఇంత" అని అచ్చేస్తారు చూశారా, దాన్ని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు, అంతే. ప్యాకెట్ పప్పుల మీద, జీడిపప్పు మీద ఆ హద్దును చాలా ఎత్తులో వేస్తారు. 240 అని అచ్చేసి 170కి ఇస్తే 70 ఆదా అయినట్టు కాదు. పక్క షాపులో అదే పప్పు లూజుగా ఎంతో అడగండి.

రేట్ల వెంట తిరిగే ముందు ఒక నెల బిల్లులన్నీ దాచి, ఒక్కో పద్దు పక్కన గుర్తు పెట్టండి: వంటకు ఎంత, సబ్బులకూ సర్ఫులకూ ఎంత, చిరుతిళ్లకు ఎంత. మూడోది కూడి చూసి "ఇంతా?" అనని ఇల్లు నాకు తెలియదు.

అపోహ: పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చౌక.

షాంపూతో మొదలుపెడదాం. రూపాయి, రెండు రూపాయల సాషేలను మిల్లీలీటర్ల లెక్కన సీసాతో పోల్చండి. చాలా రకాల్లో సాషేలే చౌక పడతాయి. పైగా సీసా అయితే చెయ్యి ఆగదు, సాషే అయితే ఒకటి చింపి సరిపెట్టుకుంటారు. బిస్కెట్లలో ఇంకో తమాషా ఉంది. పది రూపాయల ప్యాకెట్ ఏళ్ల తరబడి పది రూపాయలే, లోపల గ్రాములు మాత్రం తగ్గుతూ వస్తాయి.

నూనె ప్యాకెట్ దగ్గర ఇంకా జాగ్రత్త. లీటరు నూనె తూగేది దాదాపు 910 గ్రాములు. లీటరు ప్యాకెట్లానే కనబడుతూ 800, 850 గ్రాములవి కూడా ర్యాకులో పక్కనే ఉంటాయి. పది రూపాయలు తక్కువని అది తీసుకుంటే మీకే నష్టం. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకు, మిల్లీలీటరుకు, కిలోకు ఎంత పడుతుందో కూడా అచ్చు వేయాలన్న రూలు ఉంది. అక్షరాలు చిన్నవే, అయినా ప్యాకెట్‌లో చదవాల్సిన ముక్క అదొక్కటే.

అపోహ: 26 కిలోల బస్తాలో కిలో ఫ్రీ.

ఫ్రీ ఏమీ లేదు. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే పడదు. అందుకే మిల్లులవాళ్లు 26 కిలోల బస్తా దించారు. కిలో లెక్క కట్టి చూసుకుని 26దే తీసుకోండి. లూజు బియ్యానికీ ఆ పన్ను లేదు.

అపోహ: రేషన్ సన్నబియ్యం ముద్దవుతుంది, తినలేం.

తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, పైసా లేకుండా. అంటే షాపులో ఒక బస్తా ఖర్చు తప్పినట్టే. అయినా కార్డు ఉండి కూడా "అన్నం బంకబంకగా అవుతుందన్నా" అని నా దగ్గర పాత బియ్యం కొనేవాళ్లున్నారు.

ఆ బియ్యం కొత్తవి, అసలు సంగతి అదే. కొత్త బియ్యం నీళ్లు తక్కువ తాగుతాయి. పాతవాటికి పోసినన్ని పోస్తే ముద్ద కాక ఏమవుతుంది? రెండు గ్లాసులు పోసేచోట పావు గ్లాసు తగ్గించండి, నానబెట్టకుండా కడిగి నేరుగా పెట్టండి, విజిల్ కూడా ఒకటి తగ్గించి చూడండి. వీలైతే రెండు మూడు నెలల బియ్యం వెనకేసి, తేమ తగలని డబ్బాలో ఎండిన వేపాకు వేసి ఉంచండి, ముందు వచ్చినవి ముందు వండండి. పాతబడేకొద్దీ అన్నం పొడిపొడిగా వస్తుంది.

కొనేవాళ్లకూ ఒక మాట. పాత బియ్యం కిలోకు కొన్ని రూపాయలు ఎక్కువైనా ఒదుగుతాయి, అదే అన్నానికి గింజలు తక్కువ పడతాయి. కొత్తవి చౌకన్న మాట ఆ లెక్క వేశాకే అనాలి.

అపోహ: పప్పు, గుడ్లు తగ్గిస్తే మిగులుతుంది.

అందరూ ముందు కత్తెర వేసేది వీటికే, వేయకూడనిదీ వీటికే. పప్పు తగ్గిన ఇంట్లో సాయంత్రానికి పిల్లలకు ఆకలేసి చిప్స్ ప్యాకెట్లు పెరుగుతాయి, నా ఖాతా పుస్తకంలో రెండు పద్దులూ పక్కపక్కనే కనబడతాయి.

తగ్గించాల్సింది నూనె. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల రోజు తిండికి నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములు అని ఉంది. నలుగురికి నెలకు చూసుకుంటే 3,240 గ్రాములు, సుమారు మూడున్నర లీటర్లు. మా ఖాతాదారుల్లో నలుగురున్న ఇళ్లకు ఐదారు లీటర్లు మామూలు. లీటరు 150 అనుకున్నా, రెండు లీటర్లు తగ్గితే నెలకు 300. డబ్బాలోంచి వంచి పోసే అలవాటు మాని, నెల నూనెను నాలుగు సీసాల్లో పోసి వారానికి ఒకటి తీయండి. చెంచా కొలతలు ఎవరూ పాటించరు, సీసా అయితే ఖాళీ అవడం కంటికి కనబడుతుంది.

అపోహ: కారం, చింతపండు ఏ నెలకా నెల కొంటేనే తేలిక.

ఊళ్లో మిర్చి మార్కెట్ పెట్టుకుని 100 గ్రాముల కారం ప్యాకెట్లు కొనేవాళ్లను చూస్తే నాకు ఎక్కడో చివుక్కుమంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఖమ్మానికి మిర్చి పోటెత్తుతుంది. తేజ రకం ఘాటెక్కువ, కూరలో తక్కువ పడుతుంది. ఎరుపు కావాలంటే కొంచెం బ్యాడిగి కలుపుకోండి. తొడిమలు తీసి, గలగలలాడేదాకా ఎండబెట్టి గిర్నీలో పట్టిస్తే ఏడాదికి ఢోకా లేదు. తొడిమ తరుగు, గిర్నీ కూలి కలుపుకున్నా ప్యాకెట్ల కంటే బాగా కిందే ఉంటుంది.

చింతపండు ఎండాకాలంలో కొనండి. గింజ తీయనిది చౌకని సంబరపడొద్దు, అందులో దాదాపు మూడో వంతు గింజ బరువే. గింజతో ఉన్నది 100 అంటే గింజ తీసినది 150కి కొన్నట్టే. ఈ లెక్క మీద తేడా మిగిలితే తీసుకుని, మధ్యాహ్నం పూట కొట్టుకోండి.

అపోహ: ఖాతాకు వడ్డీ లేదు కాబట్టి నష్టం లేదు.

వడ్డీ వేయను, నిజమే. కానీ బాకీ ఉన్నవాళ్లు రేటు అడగరు, పక్క షాపుకు పోలేరు, పిల్లలు "అమ్మ రాసుకోమంది" అని చాక్లెట్లు పట్టుకుపోతారు. ఖాతా తప్పదంటే పిల్లలకు ఇవ్వొద్దని నాకు ముందే చెప్పండి. నేనేమీ అనుకోను.

అపోహ: బిల్లు తగ్గితే డబ్బు దానంతటదే మిగులుతుంది.

మిగలదు. 800 తగ్గిన ఇంట్లో అదే నెలలో ఒక బిర్యానీ ఆర్డరు, ఒక నైటీ వచ్చేస్తాయి. జీతం పడ్డ రోజే ఆ 800 పక్కకు పోవాలి. ఏడాదికి 9,600, పైన వడ్డీ. ఫీజు కోసమైతే పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) పనికిరాదు, అది ఐదేళ్లది. బ్యాంకులో పన్నెండు నెలల ఆర్‌డీ జూన్ మొదట్లో తెరవండి, మళ్లీ జూన్‌కు చేతికొస్తుంది.