గోడ పగుళ్లలో పిడుదు కాపురం

"మా బ్రూనో అసలు బయటికే వెళ్లడు డాక్టర్ గారూ. మాది ఐదో అంతస్తు. వాడికి టిక్ ఫీవర్ ఎలా వస్తుంది?"

జనవరిలో ఒక సాయంత్రం మా క్లినిక్‌లో ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. బ్రూనో నాలుగేళ్ల లాబ్రడార్. రెండు రోజులుగా పెరుగన్నం పెట్టినా ముట్టలేదు. ఆ రోజు పొద్దున ముక్కులోంచి రక్తం చుక్కలు పడ్డాయి. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు 28 వేలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 2 లక్షలకి తగ్గకూడదు. చెవి మడత వెనక్కి తిప్పి చూస్తే లోపల ఆవగింజంత పిడుదులు మూడు అతుక్కుని ఉన్నాయి. "వానాకాలంలో పిడుదుల మందు వేయించాం కదండీ" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ తప్పేమీ లేదు. వానలు మొదలవగానే మందు వేయించండి, చలికాలంలో ఆపొచ్చు అని ఒకప్పుడు మేమే చెప్పేవాళ్లం. ఆ సలహా ఇప్పుడు పనికిరాదు. ఎందుకో తెలియాలంటే ఈ పురుగు బతుకు కాస్త తెలియాలి.

కొందరు పిడుదు అంటారు, కొందరు గోమారి అంటారు, సిటీలో అందరూ టిక్ అంటున్నారు. పేర్లు కలిసిపోయినా జాతులు వేరు. పశువుల మీద ఎక్కువగా కనిపించే పిడుదు పిల్లగా ఎక్కిన ఆవు మీదే పెరిగి పెద్దదై, గుడ్లు పెట్టే వేళకి మాత్రమే కిందికి దిగుతుంది. అందుకే ఆవుకి మందు పూస్తే చాలావరకు పని అయిపోతుంది. మన ఊళ్లలో కుక్కల్ని పట్టేది గోధుమరంగు కుక్క పిడుదు. దీని పద్ధతే వేరు. పిల్ల దశలో ఒకసారి ఎక్కి రక్తం తాగి దిగిపోతుంది. ఎక్కడో నక్కి, చర్మం వదిలి, రెండో దశలో మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ దిగుతుంది. పెద్దదయ్యాక మూడోసారి ఎక్కుతుంది. అంటే దాని జీవితంలో ఎక్కువ భాగం గడిచేది కుక్క ఒంటి మీద కాదు, మన ఇంట్లోనే. కుక్క దానికి భోజనశాల మాత్రమే.

ఆడ పిడుదు వారం రోజులు రక్తం పీల్చి ఆముదం గింజలా ఉబ్బుతుంది. (లాటిన్‌లో రిసినస్ అంటే పిడుదు అనే అర్థం. గింజ అచ్చం అలాగే ఉంటుందని ఆముదం మొక్కకీ ఆ పేరే పెట్టారు. ఆముదం గింజలు చేత్తో పట్టుకున్నవాళ్లకి ఈ పోలిక ఎంత సరైనదో తెలుస్తుంది.) అలా ఉబ్బినది కిందపడి, చీకటి చోటు వెతుక్కుంటూ గోడ ఎక్కుతుంది. పైకి పాకడం దాని స్వభావం. గుమ్మం చెక్క సందు, కర్టెన్ మడత, స్విచ్ బోర్డు వెనక, మంచం కోళ్ల దగ్గర, సీలింగ్ అంచు, ఎక్కడ పగులు దొరికితే అక్కడ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఒక్క కాన్పులో 4 వేల దాకా గుడ్లు పెట్టగలదు. వాటిలోంచి గసగసాలంత పిల్లలు వస్తాయి. వెచ్చగా ఉంటే రెండు మూడు నెలల్లో మరో తరం తయారవుతుంది. తిండి దొరక్కపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి అలాగే కాచుకుని ఉండగలదు.

ఇప్పుడు ఐదో అంతస్తు సంగతి చూడండి. బ్రూనో రోజుకి రెండుసార్లు లిఫ్టులో కిందికి దిగి, పార్కింగ్‌లో వీధికుక్కలు పడుకునే చోటే తిరిగి వస్తాడు. ఆవిడ లెక్కలో అది "బయట" కాదు. సంక్రాంతికి ఊరెళ్తూ మూడు రోజులు బోర్డింగ్‌లో పెట్టారు. నెలకోసారి గ్రూమింగ్ ఉంది. కడుపు నిండా రక్తం తాగిన పిడుదు ఒక్కటి ఇంట్లో రాలితే చాలు. డిసెంబరు రాత్రుల్లో హైదరాబాద్ వీధిలో చలి వేస్తుందేమో గానీ, తలుపులేసుకున్న హాల్లో సోఫా వెనక వెచ్చగానే ఉంటుంది. ఆ గోడ పగులుకి చలికాలం అంటూ లేదు.

పిడుదు కాటు వల్ల పోయే రక్తం కన్నా అది ఒంట్లోకి ఎక్కించేవి ప్రమాదం. మా దగ్గర టిక్ ఫీవర్ అనే ఒక్క మాట కింద కనీసం మూడు జబ్బులున్నాయి. ఎర్లికియా అనే బ్యాక్టీరియా తెల్లరక్తకణాల్లో దూరుతుంది. బెబీసియా అనే పరాన్నజీవి ఎర్రరక్తకణాల్ని పగలగొడుతుంది. మూడోది హెపటోజూన్. ఇది కాటు వల్ల రాదు. దురదపెట్టి పళ్లతో కొరుక్కుంటూ కుక్క పిడుదుని మింగేస్తే వస్తుంది. అందుకే ఒంటి మీద కనిపించినదాన్ని "వాడే పీకేసుకుంటాడులే" అని వదిలేయొద్దు.

వీటిలో ఎర్లికియాది పెద్ద కథ. 1935లో అల్జీరియాలో డొనాషియన్, లెస్తొకార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీన్ని మొదట గుర్తించారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చుకున్న కుక్కలు, ఎక్కువగా జర్మన్ షెపర్డ్‌లు, ముక్కుల్లోంచి రక్తం కారి వందకు పైగా చనిపోయాక ప్రపంచం దీనివైపు చూసింది. ఈ జబ్బు జర్మన్ షెపర్డ్‌లలో మరీ తీవ్రంగా వస్తుంది. మన దగ్గర ఆ జాతిని ఎంతమంది పెంచుతున్నారో చూస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

దీనిలో ఒక మోసం ఉంది. మొదటి జ్వరం వచ్చి తగ్గిపోయాక కుక్క మామూలుగా తింటూ తిరుగుతూ నెలలు, ఏళ్లు గడిపేయొచ్చు. లోపల క్రిమి మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని కుక్కల్లో అది చివరికి ఎముక మజ్జని దెబ్బతీస్తుంది. ఆ దశలో మా చేతుల్లో ఉండేది చాలా తక్కువ. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వేయమని అడిగేది అందుకే. మూడో రోజుకి కుక్క లేచి తిరుగుతుంది, పదో రోజుకి ఇంట్లో వాళ్లు మందు ఆపేస్తారు. దయచేసి ఆపకండి. ఒకసారి వచ్చి తగ్గింది కదా, ఇక రాదనే నమ్మకమూ వద్దు. ఎన్నిసార్లయినా రావచ్చు, దీనికి టీకా లేదు.

పరిస్థితి ఎలా మారుతోందో చెప్పడానికి ఆస్ట్రేలియాని మించిన ఉదాహరణ లేదు. అక్కడ ఈ గోధుమరంగు పిడుదు ఎన్నో ఏళ్లుగా ఉంది, ఎర్లికియా మాత్రం ఉండేది కాదు. అది రాకూడదనే బయటి దేశాల కుక్కలకి రక్తపరీక్ష తప్పనిసరి చేశారు. అయినా 2020లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో, ఎన్నడూ దేశం దాటని కుక్కల్లో అది బయటపడింది. అక్కడి నుంచి ఉత్తర ప్రాంతానికి పాకింది. పిడుదు అప్పటికే ఊరంతా కాపురం పెట్టేసి ఉంది, క్రిమి ఒక్కటి వచ్చి చేరితే సరిపోయింది. మనకైతే రెండూ ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఎండల సంగతి ఇంకొకటి. 2020లోనే అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒక పెట్టెలో కుక్క, మరో పెట్టెలో మనిషి, మధ్యలో గొట్టంలో పిడుదులు. అవి ఎటు వెళ్తాయో చూశారు. వేడి 23 డిగ్రీల నుంచి 38 డిగ్రీలకి పెరిగేసరికి, ఉష్ణమండల రకం పిడుదులు కుక్కని వదిలి మనిషి వైపు వెళ్లడం దాదాపు రెండున్నర రెట్లు పెరిగింది. మన దగ్గర ఉన్నదీ ఆ రకమే. 38 డిగ్రీలంటే విజయవాడలో ఏప్రిల్ మధ్యాహ్నం. ఎర్లికియా కుక్క నుంచి మనకి నేరుగా అంటదు, ఆ టెన్షన్ వద్దు. కానీ ఇదే పిడుదు కాటుతో మనుషులకి ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. ఇంట్లో కుక్క ఉండి, ఎవరికైనా జ్వరంతో పాటు ఒంటి మీద దద్దుర్లు వస్తే, పిడుదుల మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అడిగే వరకూ ఆగొద్దు.

మరి ఏం చేయాలి? ఆ రోజు ఆవిడకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. మందు ఏడాది పొడవునా వేయాలి. నెలకోసారి, లేదా 12 వారాలకోసారి తినిపించే బిళ్లలు 2010 దశకంలో వచ్చాయి. ఐసోక్సజొలిన్ జాతి మందులు ఇవి. పిడుదు కుట్టిన కొన్ని గంటల్లోనే చస్తుంది. ఇవి బాగా పనిచేస్తాయి. కానీ ఫిట్స్ వచ్చే కుక్కల విషయంలో జాగ్రత్త పడమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పండి. ఈ బిళ్లలకి ఇంకో పరిమితి ఉంది, పిడుదు చావాలంటే ముందు కుట్టాలి. ఎర్లికియా మూడు గంటల్లోనే ఒంట్లోకి ఎక్కగలదని ప్రయోగాల్లో తేలింది. అందుకే పిడుదులు విపరీతంగా ఉన్న చోట దగ్గరికి రానివ్వని కాలర్ కూడా వాడమంటాం. ఏదైనా బరువు చూసే ఇవ్వాలి. పెద్ద కుక్క బిళ్లని రెండు ముక్కలు చేసి రెండు చిన్న కుక్కలకి పంచొద్దు.

ఇల్లు ముఖ్యం. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. కుక్క పరుపు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. సోఫా సందులు వాక్యూమ్ చేసి ఆ సంచి బయట పారేయండి. కనీసం మూడు నెలలు ఇలా చేయాలి, ఎందుకంటే ఇవాళ పగులులో ఉన్న గుడ్లు పిల్లలై, పెద్దవై కుక్కనెక్కడానికి అంతకాలం పడుతుంది. మందు వేసిన నెల తర్వాత కూడా కొత్త పిడుదులు కనబడితే మందు నకిలీదని తిట్టకండి. అవి గోడలోంచి వస్తున్నాయి.

రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు ఒళ్లు తడిమి చూడండి. చెవుల లోపల, వేళ్ల మధ్య, కాలర్ కింద, చంకల్లో, తోక మొదట్లో. కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి, సబ్బునీళ్లలో వేయండి. గోళ్లతో చిదమొద్దు, కిరసనాయిలు పోయొద్దు.

కొన్ని ఇంటి వైద్యాల మీద నాకు నిజంగా కోపం. పశువుల కోసం అమ్మే డెల్టామెత్రిన్ అనే పిడుదుల మందు సీసా తెచ్చి కుక్కకి పూసి, అదే చేత్తో పిల్లినీ ముద్దు చేస్తారు. పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి పిల్లి కాలేయం విడగొట్టలేదు. కుక్కకి సరిపోయే మోతాదుతో పిల్లి వణికిపోతూ చచ్చిపోవచ్చు. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కుక్కకి చేయించడం కూడా అలాంటిదే. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఒక జన్యులోపం ఉండి ఆ మందు మెదడులోకి దూరిపోతుంది. ఆ సంగతి 2001లోనే తేలింది.

పిడుదుల సంగతి కాకపోయినా, నట్టల మందు గురించి కూడా రెండు మాటలు. కుక్కపిల్లకి ఏలికపాములు తల్లి కడుపులోనే ఎక్కేస్తాయి, అందుకే రెండో వారం నుంచే మందు మొదలుపెడతాం. వాటి గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. పార్కు ఇసుకలో ఆడే పిల్లల నోట్లోకి చేరేది ఆ గుడ్లే. కాబట్టి వాకింగ్‌లో మీ కుక్క చేసింది మీరే ఎత్తండి.

బ్రూనో 28 రోజులూ మందు తిన్నాడు. మళ్లీ రక్తం తీస్తే ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు. ఆవిడ ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. టీవీ స్టాండ్ వెనక, గోడకీ టైల్‌కీ మధ్య సన్నటి గీతలాంటి పగులు, దాని నిండా గసగసాలు ఒలికినట్టు పిడుదు పిల్లలు. "మేము రోజూ అక్కడే కూర్చుని టీవీ చూస్తాం డాక్టర్ గారూ" అంది. మేస్త్రీ మర్నాడు వస్తున్నాడట. రెండో నెల బిళ్ల ఇచ్చి పంపాను.