పర్లాకిమిడిలో రాత్రిపూట రేడియో ఎందుకు ఊగిసలాడుతుంది?

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: పగలు నిలకడగా పలికే విశాఖపట్నం ఆకాశవాణి చీకటి పడ్డాక ఒక్కోసారి నూతిలోంచి మాట్లాడినట్టు ఎందుకు వినిపిస్తుంది, పగలు జాడ తెలియని విజయవాడ ఆ వేళకు ఎలా అందుతుంది? ఊరు సద్దుమణిగితే దూరపు మాట వినబడుతుందన్న పెద్దల సమాధానం కోడికూతకు సరిపోతుంది గాని, రేడియో తరంగానికి ఊరి చప్పుడుతో పని లేదు.

మీడియం వేవ్ ప్రసారం కొంత నేలను అంటిపెట్టుకొని సాగుతుంది, కొంత పైకి పోతుంది. పగటిపూట 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో సూర్యకిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తాయి. తరంగం ఊపిన ఆ ఎలక్ట్రాన్లు చుట్టూ ఉన్న అణువులను ఢీకొనడంతో పైకి పోయిన శక్తి అక్కడే వేడిగా మారిపోతుంది. సూర్యాస్తమయం తర్వాత ఈ పొర దాదాపు మాయమవుతుంది. గాలి మరీ పలచగా ఉండే ఇంకా పై పొరల్లో ఎలక్ట్రాన్లు రాత్రంతా మిగులుతాయి గనుక, తరంగం అక్కడ క్రమంగా వంగి నేలకు తిరిగి వస్తుంది. పాఠాల్లో దీన్ని అద్దంగా గీసి చూపడం నాకు నచ్చదు. అద్దం కదలదు, ఈ పొర కదులుతుంది, అసలు కథంతా ఆ కదలికలోనే ఉంది.

విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 323 మీటర్లు. పర్లాకిమిడికి నేల దారి దాదాపు 145 కిలోమీటర్లు. తరంగం 100 కిలోమీటర్ల ఎత్తున వంగిందనుకుంటే ఆకాశపు దారి దాదాపు 250. ఆ పొర ఒక్క 100 మీటర్లు పైకి జరిగితే చాలు, దారి సుమారు 160 మీటర్లు, అంటే సగం తరంగదైర్ఘ్యం మేర పెరిగి, అప్పటిదాకా ఒకదాన్నొకటి బలపరచిన రెండు తరంగాలూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పైగా ఆకాశ తరంగం సెకనులో మూడు వేలవ వంతు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, ఈ చెరుపుడు ప్రసారం పరచుకున్న పౌనఃపున్యాల్లో సుమారు ప్రతి 3 కిలోహెర్ట్జ్‌కు ఒకచోట పడుతుంది. ఒకే ప్రసారంలో కొంత భాగం పోయి కొంత మిగలడం వల్ల గొంతు తగ్గడమే కాక వికృతమవుతుంది కూడా.

విజయవాడ దాదాపు 440 కిలోమీటర్ల దూరం. అక్కడి నేల తరంగం ఇంత దూరం వచ్చేసరికి నీరసించిపోతుంది గనుక, రాత్రి వినిపించేది ప్రధానంగా ఆకాశ తరంగమే.

ట్రాన్సిస్టర్‌లో అడ్డంగా ఉండే ఫెర్రైట్ కడ్డీ (మీడియం వేవ్‌ను పట్టే లోపలి యాంటెన్నా) కొన ఏ దిక్కుకు చూస్తే ఆ దిక్కు కేంద్రం బాగా తగ్గిపోతుంది, కాబట్టి పెట్టెను తిప్పి వేరే దిక్కు నుంచి అడ్డం వచ్చే కేంద్రాన్ని అణచవచ్చు. విశాఖ ఊగిసలాట మాత్రం అలా పోదు, ఎందుకంటే దాని రెండు తరంగాలూ నైరుతి నుంచే వస్తాయి.