పథ్యం, మందు: ఒక డైటీషియన్ రోజూ వినే అపోహలు

ఏం తినాలో, ఎంత తినాలో, ఏది మానేయాలో చెప్పడమే నా ఉద్యోగం. ఆసుపత్రిలో డైటీషియన్‌ని. తిండితో జబ్బులు తగ్గవని నేనే అంటే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: తగ్గుతాయి. కొన్ని జబ్బులకైతే తిండి మార్చడం తప్ప వేరే మందే లేదు. కానీ ఏ జబ్బు, ఏ దశ, ఎంత మోతాదు అని అడగకుండా "అన్నీ ఆహారంతోనే నయమవుతాయి" అనేవాళ్లూ, "తిండిదేముంది, మాత్ర వేసుకుంటే సరి" అనేవాళ్లూ ఒకే రోజు ఒకరి తర్వాత ఒకరు నా ముందు కూర్చుంటారు. ఇద్దరి నోటా ఎక్కువగా వినబడే మాటలు తీసుకుని రాస్తున్నాను.

అపోహ: షుగర్‌కు మందులక్కర్లేదు, ఆహారం చాలు

ఏ షుగర్? నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే.

టైప్ 1లో క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే నాశనమైపోతాయి. ఈ జబ్బును ఒక్క ఆహారంతోనే నెట్టుకొచ్చిన కాలం నిజంగానే ఉంది. 1922కు ముందు వేరే దారి లేదు. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు రోగుల చేత దాదాపు పస్తులు చేయించేవాడు. మూత్రంలో చక్కెర కనబడకుండా పోయేదాకా తిండి తగ్గించడమే ఆ వైద్యం. పిల్లలు ఎముకల గూడులా మారి ఇంకొన్నాళ్లు బతికేవారు, అంతే. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేనాటికి అతని బరువు 30 కిలోలు కూడా లేదు. ఆ తర్వాత అతను మరో 13 ఏళ్లు బతికాడు. ఇన్సులిన్ ఆపేసి పథ్యంతో ఉంటామని ఎవరైనా అంటే, ఆ ప్రయోగం వందేళ్ల కిందటే ముగిసిందని చెబుతాను. టైప్ 1 దగ్గర నేను బేరాలాడను. ఇన్సులిన్ మానేస్తే రక్తం ఆమ్లంగా మారి మనిషి ఐసీయూలో చేరడానికి ఒకటి రెండు రోజులు చాలు.

టైప్ 2 దగ్గర కథ తిరగబడుతుంది. షుగర్ వచ్చే అంచున ఉన్న 3,234 మందిపై అమెరికాలో చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో షుగర్ రావడం 31 శాతం తగ్గింది. తిండి సరిచేసుకుని, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేస్తూ, బరువులో 7 శాతం తగ్గించుకోవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో 58 శాతం తగ్గింది. అక్కడ మాత్ర మీద తిండీ నడకా గెలిచాయి. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే ప్రయోగం ఇంకాస్త ముందుకు వెళ్లింది. జబ్బు వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకు కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. రెండేళ్లకు అది 36 శాతానికి దిగింది. బరువు మళ్లీ పెరిగినవాళ్లలో చాలామందికి షుగరూ మళ్లీ వచ్చింది.

ఈ అంకెలు చూసి ఉత్సాహపడేవాళ్లు ఒక చిన్న సంగతి గమనించరు. డైరెక్ట్‌లో షుగర్ మందులు ఆపింది వైద్య బృందమే, అదీ పథ్యం మొదలైన రోజునే. ఇంట్లో మనం చేసేది దీనికి రెండు రకాలుగా తప్పుతుంది. ఒకరు మందులు ఆపేస్తారు, తిండి మాత్రం పెద్దగా మారదు. ఇంకొకరు తిండి బాగా తగ్గిస్తారు, పాత మోతాదు మాత్రలు అలాగే మింగుతుంటారు. నన్ను ఎక్కువ భయపెట్టేది రెండోవాళ్లే. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ పిండిపదార్థం ఒక్కసారిగా సగానికి కోస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది. డాక్టరుకు చెప్పకుండా మంచి పథ్యం మొదలుపెట్టడం కూడా ప్రమాదమేనంటే చాలామంది నమ్మరు.

అపోహ: ఆహారం మందుకు తోడు మాత్రమే, దానితో రోగం తగ్గదు

ఇది మాత్ర వేసుకుంటే సరి అనేవాళ్ల మాట. గోధుమలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని సీలియాక్ జబ్బుకు, ఆ గ్లూటెన్ పూర్తిగా మానడమే ఇప్పటికీ అసలు చికిత్స. ప్రొటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్‌ను శరీరం విరగ్గొట్టలేని ఫినైల్‌కీటోనూరియా అనే లోపంతో పుట్టిన బిడ్డకు మొదటి వారాల్లోనే ఆ పదార్థం తగ్గించిన ఆహారం మొదలుపెడితే మెదడు మామూలుగా ఎదుగుతుంది, ఆలస్యమైతే జరిగిన నష్టం వెనక్కి రాదు. మందులకు లొంగని కొన్ని రకాల మూర్ఛలకు పిల్లల్లో కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం వాడుతున్నది ఇవాళ్టి ఫ్యాషన్ కాదు, 1921 నుంచీ ఉన్న వైద్యం. అయితే అక్కడ ప్రతి గ్రామూ తూస్తాం, రక్తపరీక్షలు చేస్తాం, కిడ్నీలో రాళ్లు వస్తాయేమో కనిపెట్టుకుని ఉంటాం. బరువు తగ్గడానికి ఎక్కడో చూసి చేసే కీటోకీ దీనికీ పేరొక్కటే కలుస్తుంది.

బీపీ సంగతీ అంతే. 1997లో వచ్చిన డ్యాష్ అనే ప్రయోగంలో బీపీ ఎక్కువున్నవాళ్లకు కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలపదార్థాలు ఎక్కువగా పెడితే పై అంకె సగటున 11 పాయింట్ల దాకా దిగింది. ఒక మాత్ర చేసే పనికి ఇది తీసిపోదు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బిడ్డ వెన్నెముక లోపాలు రాకుండా కాపాడుతుందని 1991లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లుల్లో మళ్లీ అదే జరగడం 72 శాతం తగ్గింది. విటమిన్ అంటే తేలిగ్గా తీసేసేవాళ్లకు నేను ముందు ఈ లెక్కే చెబుతాను.

అపోహ: చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు

డిజిటాలిస్ అనే మొక్క ఆకు గుండె జబ్బుతో ఒంట్లో చేరే నీరుకు పనిచేస్తుందని విలియం విథరింగ్ 1785లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకంలో మోతాదు గురించిన జాగ్రత్తలూ ఉన్నాయి. అదే ఆకు కాస్త ఎక్కువైతే వాంతులు, చూపు పసుపుబారడం, చివరికి గుండె ఆగిపోవడం. ఇప్పుడు దానిలోని డిగాక్సిన్‌ను మైక్రోగ్రాముల్లో కొలిచి మాత్రగా ఇస్తాం, అవసరమైతే రక్తంలో ఎంతుందో పరీక్షిస్తాం. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ బిళ్లగన్నేరు నుంచి వచ్చింది. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ ఒక రకం మాచిపత్రి జాతి మొక్క నుంచి వచ్చింది, దానికి తూ యూయూ 2015లో నోబెల్ అందుకున్నారు. మెట్‌ఫార్మిన్‌కు మూలం కూడా ఒక మొక్కలోని పదార్థమే. "ఇంగ్లీషు మందులు మాకొద్దు, మూలికలే కావాలి" అని నాతో వాదించేవాళ్లలో చాలామంది రోజూ మింగే మాత్రల్లో ఒకటైనా మొక్క సంతానమే ఉంటుంది.

హాని చేసిన మొక్కలకూ కొదవలేదు. 1990లలో బెల్జియంలో బరువు తగ్గించే మూలికల గుళికల్లో ఒక మొక్కకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలిసిపోయింది. వందమందికి పైగా స్త్రీల కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి ఆ తర్వాత మూత్రనాళంలో క్యాన్సర్ వచ్చింది.

ఆహారానికీ, దాని సారాన్ని గుళికలో బిగించినదానికీ మధ్య తేడా కూడా చాలామంది పట్టించుకోరు. గ్రీన్ టీ తాగితే మామూలుగా ఏమీ కాదు. దాని సారం ఎక్కువ మోతాదులో గుళికలుగా మింగినవాళ్లలో కొందరికి కాలేయం వాచింది. ఆ సారంలోని ఈజీసీజీ అనే పదార్థం గుళికల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయానికి ముప్పుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

ఇంకొకటి. ఏళ్లనాటి కీళ్లనొప్పి ఏ పొడితోనో రెండు రోజుల్లో మాయమైతే నాకు సంతోషం కన్నా ముందు అనుమానం వస్తుంది. "సహజం" అని రాసి అమ్మే నొప్పి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి దొరికిపోయిన ఉదాహరణలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, ఒక్కసారిగా మానేస్తే కుప్పకూలడం దాని గుర్తులు. అలాంటి పొడి వాడుతున్నారని తెలిస్తే వెంటనే పారేయమని కూడా అనకూడదు, డాక్టర్ దగ్గరికి తీసుకురమ్మనాలి.

అపోహ: విటమిన్లు ఎక్కువైనా నష్టం లేదు, ఒంట్లోంచి పోతాయి

కొన్ని పోతాయి, కొన్ని పోవు. పొగతాగే 29,133 మంది మగవాళ్లపై ఫిన్లాండ్‌లో చేసిన అధ్యయనంలో, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఆ ఫలితం 1994లో వచ్చింది. అమెరికాలో అలాంటిదే ఇంకొకటి నడుస్తుంటే అక్కడా హానే కనబడి 1996లో ముందుగానే ఆపేశారు. పండ్లు, కూరగాయలు ఎక్కువ తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువని చూసి, వాటిలోంచి ఒక్క పదార్థాన్ని తీసి మాత్రచేస్తే అదే ఫలితం వస్తుందనుకున్నారు. రాలేదు. నీటిలో కరిగే బీ6 కూడా నెలల తరబడి పెద్ద మోతాదులో వేసుకుంటే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి.

జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటున్నవాళ్లకు ఒక ప్రత్యేక మనవి. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాములు సరిపోతుంది. అమ్మే మాత్రల్లో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. ఒంటికి పెద్దగా ఏమీ చేయకపోయినా ల్యాబ్ పరీక్షలను అది తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీనిపై హెచ్చరించింది. రక్తం ఇచ్చేముందు బయోటిన్ సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

అపోహ: మందు దారి మందుది, తిండి దారి తిండిది

రెండూ వెళ్లేది ఒకే పేగులోకి, ఒకే కాలేయంలోకి. గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపర పనస లాంటి పండు) రసం ఒక గ్లాసు తాగితే కొన్ని మందులను విరగ్గొట్టే ఎంజైమ్ పేగు గోడలో ఒక రోజుకు పైగా పనిచేయదు. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వేసుకునేవాళ్లకు ఆ మందు రక్తంలో పేరుకుపోయి కండరాలు దెబ్బతినవచ్చు. మధ్యలో రెండు గంటలు ఎడం పాటించినా లాభం లేదు. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక దీనికి విరుద్ధంగా, మందులను త్వరగా ఖర్చుచేసేస్తుంది. గర్భనిరోధక మాత్రలు విఫలం కావచ్చు, మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిరస్కరించవచ్చు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, ఆ మందు పనిని తగ్గిస్తాయని ఆకుకూరలు పూర్తిగా మానేయడం నేను చూసే ఇంకో తప్పు. మానక్కర్లేదు. వారం వారం దాదాపు ఒకే మోతాదులో తింటే చాలు, మందును దానికి తగ్గట్టు సరిచేస్తారు. థైరాయిడ్ మాత్రకూ, ఐరన్, కాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు గురించి ఎవరడిగినా ఎదురు ప్రశ్న వేస్తాను: "మీ కిడ్నీలు ఎలా ఉన్నాయి?" చైనాలో దాదాపు 21,000 మందిపై చేసి 2021లో ప్రకటించిన ప్రయోగంలో ఆ ఉప్పు పక్షవాతాన్ని 14 శాతం తగ్గించింది. చాలామందికి అది మంచిదే. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, ఒంట్లో పొటాషియాన్ని నిలిపే స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్లకు అదే ఉప్పుతో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. రోజూ పెద్ద గ్లాసు పండ్లరసాలు తాగే కిడ్నీ రోగులకూ ఇదే మాట.

అపోహ: క్యాన్సర్‌కు ముందు సహజ వైద్యం చూద్దాం, తగ్గకపోతే కీమో

చక్కెర మానేస్తే కణితి ఆకలితో చస్తుందనే మాట దీనికి జోడీ. మీరు చక్కెర తినకపోయినా శరీరం రక్తంలో గ్లూకోజ్‌ను నిలబెడుతుంది. కణితి దాన్నే తీసుకుంటుంది. చిక్కిపోయేది మనిషి. బరువు, కండ తగ్గినవాళ్లు కీమోను తట్టుకోలేక మోతాదులు వాయిదా పడుతుంటాయి, అందుకే క్యాన్సర్ వార్డులో నేను తిండి తగ్గించమని కాదు, ప్రొటీన్ పెంచమని వెంటపడతాను.

"ముందు ఇది చూద్దాం" అనే ఆలస్యం ఖరీదు ఎంతో 2018లో యేల్ పరిశోధకులు లెక్కగట్టారు. ఇతర భాగాలకు పాకని క్యాన్సర్ ఉండి, ప్రత్యామ్నాయ వైద్యాన్నే ఎంచుకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చారు. మొత్తం మీద చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లకు పైనే. త్వరగా పట్టుకుంటే బాగా నయమయ్యే క్యాన్సర్ దగ్గరే ఎక్కువ నష్టపోతున్నారన్నమాట.

అపోహ: డాక్టర్లకు తిండి గురించి పట్టదు

ఇందులో కొంత నిజముంది, నేను దాచను. వైద్యవిద్యలో పోషకాహారానికి దొరికే చోటు తక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గవచ్చు. గ్యాస్ మాత్రలు ఎక్కువకాలం వాడినా బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు. అరికాళ్ల మంటలు అన్నీ షుగర్ వల్లేనని వదిలేసిన చోట బీ12 పరీక్ష చేస్తే లోపం బయటపడటం అరుదేమీ కాదు. "ఈ మందు వల్ల ఒంట్లో ఏదైనా తగ్గుతుందా, దానికి పరీక్ష చేయించాలా?" అని మీరే అడగండి. ఎక్కువమంది డాక్టర్లు విసుక్కోరు, పరీక్ష రాసిస్తారు.

అడిగేటప్పుడు మీరు వాడే పొడులు, గుళికలు, కషాయాల సీసాలు కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే చాలామంది వీటిని మందుల్లో లెక్కేయరు, లేవనేస్తారు. ఆపరేషన్ తేదీ ఖాయమైనప్పుడైతే మత్తు డాక్టరుకు తప్పకుండా చూపించండి. చేపనూనె, జింకో, వెల్లుల్లి గుళికలు, ఎక్కువ మోతాదు విటమిన్ ఈ వాడుతుంటే, ఏవి ఆపాలో, ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెబుతారు.